మోత ఒకచోట, కోత ఇంకోచోట

1970ల నాటి యాక్టివ్ గిటార్‌ను, అంటే సిగ్నల్‌ను పెంచే ప్రీఆంప్ లోపలే ఉండి బ్యాటరీ మీద నడిచేదాన్ని, రిపేరుకు పట్టుకెళ్లి "గుయ్‌మని మోత వస్తోంది" అని చెప్పండి. మొదట వినబడే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే: "లోపలున్న ప్రీఆంప్ పీకేద్దాం. పాత సర్క్యూట్, ఇక పనికిరాదు. మామూలు ప్యాసివ్ వైరింగ్ వేస్తే గొడవ వదిలిపోతుంది." రిపేరు చేసేవాళ్లే కాదు, వాయించేవాళ్లు కూడా ఇదే నమ్ముతున్నారు. బ్యాటరీ ఉన్న పాత గిటార్ అంటే మోత తప్పదని, ఆ మోతకు మందు సర్క్యూట్‌ను తీసెయ్యడమేనని గట్టిగా స్థిరపడిపోయింది. ఈ నమ్మకం సాంకేతికంగా తప్పు. ఖర్చు లెక్కలోనూ తప్పు. ఆ వాద్యాన్ని రూపొందించినవాళ్ల పనికి అన్యాయం కూడా.

ఆ గుయ్‌మనే మోత, అంటే హమ్, ఎక్కడ పుడుతుందో ముందు చూద్దాం. మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్ ఏసీ, అమెరికాలో 60. గిటార్ నుంచి వినిపించే ఆ గుయ్యి ఈ కరెంటుదే. ప్రీఆంప్ నడిచేదేమో తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీద. బ్యాటరీ ఇచ్చేది డీసీ, అందులో 50 హెర్ట్జ్ ఉండదు. కాబట్టి బ్యాటరీ మీద నడిచే ప్రీఆంప్ తనంతట తాను హమ్‌ను పుట్టించలేదు. బయటినుంచి చేరినదాన్ని పెద్దది చేయగలదు, అంతే. సర్క్యూట్ మీద నేరం మోపేవాళ్లు ముందు ఒక ప్రశ్నకు జవాబివ్వాలి: ఆ 50 హెర్ట్జ్ లోపలికి ఏ దారిన వచ్చింది?

పాతబడిన సర్క్యూట్ కూడా చప్పుడు చేస్తుంది, కాదనను. కానీ ఆ చప్పుడు వేరు. అలసిన ట్రాన్సిస్టర్, ఎండిపోయిన కెపాసిటర్ ఉంటే సుయ్‌మనే గాలిచప్పుడు వస్తుంది, చిటపటలు వినిపిస్తాయి, స్వరం చిట్లుతుంది. సుయ్యికీ గుయ్యికీ తేడా చెవికి తెలుస్తుంది. ఆ తేడా వినకుండానే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయడం వైద్యం కాదు.

"పీకేశాక మోత నిజంగానే తగ్గింది కదా" అంటారు. తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో ఆలోచించాలి. ప్రీఆంప్ తీసినవాళ్లు దానితోపాటు జాక్ మార్చారు, గ్రౌండ్ తీగలు కొత్తగా వేశారు, పాత అతుకులన్నీ కరిగించి మళ్లీ సోల్డర్ చేశారు. అసలు లోపం ఆ అతుకుల్లోనే ఉండి ఉండవచ్చు. పైగా ప్రీఆంప్ పోయాక సిగ్నల్ బలమే తగ్గింది, దానితోపాటు మోత కూడా చిన్నదైనట్టు అనిపిస్తుంది. ఆంప్లిఫయర్ పెంచితే మళ్లీ వినబడుతుంది. ఒక అతుకు చేసిన మేలు ఖాతాలో పడింది సర్క్యూట్ తొలగింపుకు. ఈ నమ్మకం ఇలాగే బలపడుతూ వచ్చింది.

ఆలెంబిక్ వాద్యాలను చూస్తే ఈ సలహా ఎంత తలకిందులో అర్థమవుతుంది. 1969లో కాలిఫోర్నియాలో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం చుట్టూ మొదలైన ఆ సంస్థ యాక్టివ్ ఎలక్ట్రానిక్స్‌కు దారి వేసినవాటిలో ఒకటి. జాక్ కసాడీ, స్టాన్లీ క్లార్క్ లాంటి బేసిస్టులు ఆ వాద్యాలను ప్రపంచానికి వినిపించారు. వాటి సిరీస్ నమూనాల్లో తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్‌లు రెండుంటాయి, రెండూ సింగిల్ కాయిల్‌వి, మధ్యలో మరో కాయిల్ ఉంటుంది. ఆ మధ్యది తీగల నాదాన్ని వినదు, గదిలోని హమ్‌ను మాత్రమే వింటుంది. ప్రీఆంప్ ఆ హమ్‌ను తిరగేసి అసలు పికప్‌ల హమ్‌తో కలిపి రెండింటినీ కొట్టివేస్తుంది. మరి ఆ ప్రీఆంప్ పీకేస్తే? హమ్‌ను కొట్టివేసే ఏర్పాటే పోతుంది. ఆ పికప్‌లు తక్కువ ఇంపిడెన్స్‌వి, ప్రీఆంప్ తోడు లేకపోతే వాటి గొంతు బలహీనం. మోత పోగొట్టాలని చేసిన పని మోతను పెంచి నాదాన్ని పోగొడుతుంది. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టినట్టు.

అదే ఆలెంబిక్‌కు సులువైన పరీక్ష ఒకటుంది. ఆ సిరీస్ వాద్యాలు ఐదు పిన్నుల కేబుల్‌తో బయటి పవర్ సప్లై పెట్టె మీద నడుస్తాయి, లోపలి బ్యాటరీల మీదా నడుస్తాయి. బ్యాటరీ మీద పెట్టి వినండి. మోత ఆగిపోతే లోపం గిటార్‌లో లేదు. బహుశా ఆ పెట్టెలోని ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, అందుకే రెక్టిఫయర్ తాలూకు అల, మన దేశంలో అయితే 100 హెర్ట్జ్, సిగ్నల్‌లోకి జారుతోంది. కొన్ని రూపాయల కెపాసిటర్లు మారిస్తే సరిపోయే చోట వాద్యం పొట్ట కోయడం ఏం న్యాయం?

గిబ్సన్ ఆర్‌డీ ఆర్టిస్ట్ కథ కూడా ఇంతే. 1977లో వచ్చిన ఆ గిటార్‌లోని సర్క్యూట్ సింథసైజర్ల మార్గదర్శి రాబర్ట్ మూగ్ రూపకల్పన. కంప్రెషన్, ఎక్స్‌పాన్షన్ వాద్యంలోనే ఉంచిన సాహసం అది. బోర్డు తీసేస్తే మిగిలేది వింత ఆకారం ఉన్న మామూలు గిటార్. ఆ కాలంలో మనుషులు ఏం ఊహించారో చెప్పే ఆధారం ఆ బోర్డే.

మోతకు రెండో ప్రసిద్ధ మందు రాగిరేకు. లోపలి గుంతంతా రాగిరేకు అంటిస్తే హమ్ మాయమవుతుందంటారు. ఇది సగం నిజం. రేకు ఆపేది విద్యుత్ క్షేత్రాన్ని: ట్యూబ్‌లైట్లు, డిమ్మర్లు పుట్టించే జుయ్‌మనే కర్కశమైన చప్పుడును. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రానికి పలచని రాగి అడ్డే కాదు. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర రాగిలో క్షేత్రం చెప్పుకోదగ్గంత తగ్గాలంటే సుమారు 9 మిల్లీమీటర్ల మందం కావాలి. మనం అంటించే రేకు ఒక మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. కాయిల్‌లోకి దూరే ఆ హమ్‌కు మందు మరో కాయిలే. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన హంబకర్ సూత్రం అదే, ఆలెంబిక్ మధ్య కాయిల్ సూత్రమూ అదే.

మూడో మందు ప్రాణాంతకం: ఆంప్లిఫయర్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసెయ్యడం. గ్రౌండ్ లూప్ వల్ల, అంటే ఎర్త్ ఒకటికి మించిన దారుల్లో కలవడం వల్ల, వచ్చే మోత దీంతో తగ్గవచ్చు. కానీ గిటార్ తీగలు చాలా వాద్యాల్లో కేబుల్ తొడుగు ద్వారా ఆంప్లిఫయర్ చాసిస్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ లేని ఆంప్లిఫయర్‌లో లోపం వస్తే 230 వోల్టులు వేళ్ల దాకా వస్తాయి. గిటార్‌లో బ్యాటరీ ఉన్నంత మాత్రాన ఈ ప్రమాదం తొలగిపోదు. 1972 మే నెలలో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ అనే రాక్ బృందం గిటారిస్టు లెస్ హార్వే ఎర్తింగ్ లేని మైకును తాకి వేదిక మీదే చనిపోయాడు. మన పాత ఇళ్లలో, ఫంక్షన్ హాళ్లలో మూడో రంధ్రం ఉన్నా దాని వెనక తీగ లేని సాకెట్లు ఎన్నో. అక్కడ సరిచేయాల్సింది సాకెట్‌ను.

ఎదుటివాళ్ల బలమైన వాదం ఒకటుంది, దాన్ని దాటవేయను. "వాద్యం వాయించడానికి, అద్దాల బీరువాలో దాచడానికి కాదు. రేపు కచేరీ ఉంటే చరిత్ర పాఠాలు ఎందుకు?" నిజమే. కాలిపోయిన బోర్డు, దొరకని భాగం, బాగుచేసే వీలులేకుండా గట్టి జిగురులో పోతపోసిన సర్క్యూట్ ఎదురైతే మార్చాల్సిందే. అప్పుడు కూడా చెక్కకు కొత్త రంధ్రం పెట్టకుండా, తీసిన బోర్డును కవర్లో వేసి వాద్యంతోనే ఉంచవచ్చు. అయితే ఈ వాదం పరీక్ష చేశాక చెల్లుతుంది, పరీక్షకు బదులుగా చెల్లదు. కచేరీ రేపే ఉన్నవాడికి అన్నిటికంటే వేగంగా పనికొచ్చేది కూడా పరీక్షే.

ఆ పరీక్షకు పెద్ద చదువు అక్కర్లేదు. కేబుల్ మార్చండి, గది మార్చండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. ఆ నాబ్ ప్రీఆంప్‌కు తర్వాత ఉండే వాద్యంలో అప్పటికీ మోత ఉంటే లోపం జాక్‌లోనో కేబుల్‌లోనో ఆంప్లిఫయర్‌లోనో ఎర్తింగ్‌లోనో ఉంది. గిటార్ పట్టుకుని నిలబడ్డచోటే నెమ్మదిగా తిరగండి. మోత హెచ్చుతగ్గులైతే కాయిల్ అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటోంది. తీగలను తాకినప్పుడు చప్పుడు తగ్గితే తీగల గ్రౌండ్ పనిచేస్తోంది, గిటార్ లోపలి రేకు తొడుగు చాలడం లేదు. తాకినప్పుడు పెరిగితే గ్రౌండ్ తీగ ఎక్కడో తెగింది లేదా తప్పు చోట కలిసింది. ఈఎంజీ పికప్‌లున్న గిటార్‌లో బ్రిడ్జికి గ్రౌండ్ తీగ కనబడకపోతే కంగారు పడకండి, వాటిని అలా వదిలేయమనే తయారీదారు చెబుతాడు. చివరగా జాక్ చూడండి. చాలా యాక్టివ్ గిటార్లలో అది స్టీరియో జాక్. ప్లగ్ గుచ్చినప్పుడే బ్యాటరీ మైనస్ గ్రౌండ్‌కు కలుస్తుంది. దాని లోపలి రేకు వదులైనా మురికిపట్టినా సర్క్యూట్‌కు కరెంటు సరిగా అందదు: నాదం సన్నబడుతుంది, చిట్లుతుంది, దాని పక్కన మోత పెద్దదిగా వినబడుతుంది. ఈ రేకు తప్పుకు సర్క్యూట్ శిక్ష అనుభవిస్తోంది.

రిపేరు చేసేవాళ్లకు నా విన్నపం: ఏదైనా పీకే ముందు లోపం ఎక్కడుందో, ఏ పరీక్షతో తేల్చారో ఒక కాగితం మీద రాసి యజమానికి ఇవ్వండి. యజమానులారా, ఆ కాగితం చేతికి రాకుండా వాద్యం లోపల ఒక్క తీగ కూడా కత్తిరించనివ్వకండి. పికప్ మార్చాలన్నా, ప్రీఆంప్ తీయాలన్నా, ఏమీ చేయక్కర్లేదన్నా, ఆ నిర్ణయం ఆ కాగితం చదివాకే తీసుకోవాలి.