సాకేత్ ఎవరని అడగకండి

మొన్న అనకాపల్లి పక్కన తుమ్మపాలలో టీ కొట్టు దగ్గర క్రికెట్ కబుర్లు సాగుతుంటే మైనేని సాకేత్ పేరెత్తాను. "ఆయనెవరండీ, కొత్త హీరోనా?" అన్నాడొక కుర్రాడు. పక్కనున్న పెద్దాయన కూడా నా మొహమే చూశాడు. కుర్రాడిని తప్పు పట్టలేను. వాడికి ఎవరూ చెప్పలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గంటసేపు బస్సెక్కితే విశాఖపట్నం. అక్కడ పెరిగిన టెన్నిస్ ఆటగాడి పేరు గంట దూరం కూడా రాలేదే అన్న బాధ అది.

సాకేత్ 1987లో ఉయ్యూరులో పుట్టాడు. మన తుమ్మపాలలాగే అదీ పంచదార ఫ్యాక్టరీ ఉన్న ఊరు. మనది మూతపడింది, అది వేరే దుఃఖం. 2014 సెప్టెంబరు 29న, ఇంచియాన్ ఆసియా క్రీడల్లో, ఒకే రోజు రెండు ఫైనల్స్ ఆడాడీ సాకేత్. పురుషుల డబుల్స్‌లో సనమ్ సింగ్‌తో కలిసి 5-7, 6-7తో ఓడి రజతం తీసుకున్నాడు. మిక్స్‌డ్ డబుల్స్‌లో సానియా మీర్జాతో కలిసి చైనీస్ తైపీ జంటను 6-4, 6-3తో కొట్టి స్వర్ణం గెలిచాడు. ఆ పతకం సంగతి ఇప్పటికీ ఎవరినైనా అడగండి, సానియా పేరొక్కటే చెబుతారు. సానియా గొప్పతనాన్ని తగ్గించాలని నేననడం లేదు. నెట్‌కు ఇవతల నిలబడ్డది ఇద్దరు, ఇద్దరూ తెలుగు నేల మీద పెరిగినవాళ్లే. ఒకరిని గుండెల్లో పెట్టుకుని రెండోవాడి పేరు ఎలా మరిచిపోయాం?

ఆ రోజు పురుషుల డబుల్స్‌లో సాకేత్ జంటను ఓడించిన కొరియా ఇద్దరిలో ఒకడు చుంగ్ హ్యోన్. అంతకు ముందు ఏడాది, 2013లో, వింబుల్డన్ జూనియర్ బాలుర ఫైనల్‌కు వెళ్లినవాడు. అంటే పదిహేడేళ్లకే వాడి మీద లోకం కన్ను పడింది. 2018కల్లా ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీఫైనల్ ఆడాడు. మరి పదిహేడేళ్ల సాకేత్‌ను ఎవరు చూశారు? అతను టెన్నిస్‌నూ చదువునూ రెండు చేతుల్లో పట్టుకుని అమెరికాలోని అలబామా యూనివర్సిటీకి వెళ్లాడు. ఇక్కడ దారి దొరకని మన పిల్లలకు మిగిలిన దారి అదొక్కటే.

2016లో యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి మెయిన్ డ్రాకు చేరాడు. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. ఎదురుగా చెక్ ఆటగాడు యిరీ వెసెలీ. 2011లో ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ టైటిల్ కొట్టినవాడు, జూనియర్లలో ప్రపంచ నంబర్ వన్‌గా నిలిచినవాడు. సాకేత్ అతన్ని అయిదో సెట్ దాకా లాక్కెళ్లాడు. 5-7తో ఓడిపోయాడు. నేనా రాత్రి ఫోన్‌లో స్కోరు మారుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఒక పాయింటు మారడానికి అర నిమిషం, ఒక గేము మారడానికి ఓ యుగం. ఒకడికి చిన్ననాటి నుంచీ నీడ పట్టినవాళ్లున్నారు, రెండోవాడు ఎండలోనే నడిచొచ్చాడు. ఇద్దరికీ మధ్య తేడా అయిదో సెట్లో రెండు గేములు. ఆ రెండు గేములూ ఎక్కడ పోయాయో నాకు తెలుసుననిపిస్తుంది. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో పోయాయి.

ఆ వయసు పిల్లల టెన్నిస్ ఎలా ఉంటుందో ఇక్కడ చాలామందికి తెలియదు, అందుకే చెబుతున్నాను. ముందు మన దేశంలోనే అండర్-12, 14, 16, 18 పోటీలు. ఒక వారం హైదరాబాద్, ఒక వారం చెన్నై, ఇంకో వారం ఢిల్లీ. పదమూడేళ్లు నిండాక అంతర్జాతీయ జూనియర్ పోటీలకు తలుపు తెరుచుకుంటుంది. వాటికి జె30, జె60, జె100 అంటూ జె500 దాకా మెట్లున్నాయి. జె30 గెలిస్తే ముప్పై పాయింట్లు. జూనియర్ గ్రాండ్‌స్లామ్ గెలిస్తే వెయ్యి. సింగిల్స్‌లో మంచి ఫలితాలు ఆరు, డబుల్స్‌లో ఆరింటి పాయింట్లలో నాలుగో వంతు కలిపితే పిల్లాడి ర్యాంకు. ఈ పోటీల్లో ప్రైజ్ మనీ ఉండదు. గెలిచినా ఓడినా టికెట్టు డబ్బులు, గది అద్దె, రాకెట్ తీగలు, కోచ్ ఖర్చు చాలావరకు ఇంటివాళ్లవే. పిల్ల మొదటి రౌండ్లో ఓడితే మూడు రోజుల ముందే రైల్వే స్టేషన్‌లో కూర్చోవాలి. నాన్న సెలవు పెట్టి వచ్చాడని, అమ్మ గాజులు కుదువ పెట్టిందని ఆ పిల్లకు తెలుసు. తెలిసే సర్వీస్ చెయ్యాలి. ఆ చెయ్యి వణకకుండా ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

మనది బెల్లం వండే నేల. అనకాపల్లి మార్కెట్లో దిమ్మ రంగు చూసి, గట్టిదనం చూసి ధర కడతాం. కానీ పెనం మీద పాకం పొంగుతున్నప్పుడు ఎవరో ఒకరు పక్కన నిలబడాలి, మంట తగ్గించాలి, తెట్టు తియ్యాలి. ఆ గంటసేపు ఎవరూ లేకపోతే మాడిపోతుంది. మన ఆటగాళ్ల విషయంలో మనం మార్కెట్ యార్డు దగ్గరే నిలబడ్డాం. పొయ్యి దగ్గరకు రాలేదు.

మల్లోర్కా దీవివాడు రఫెల్ నాదల్ 2010లో అనంతపురంలో పేదపిల్లల కోసం టెన్నిస్ బడి పెట్టించాడు. అతనికి మన కరవు నేల పిల్లలు కనిపించారు. మన అమ్మాయి యామలపల్లి సహజ ఒకప్పటి యూఎస్ ఓపెన్ విజేత స్లోన్ స్టీఫెన్స్‌ను ఓడించింది. ఆమె కూడా అమెరికా కాలేజీ టెన్నిస్ నుంచే వచ్చింది. 2025 ఏప్రిల్‌లో పుణెలో భమిడిపాటి శ్రీవల్లి రష్మిక బిల్లీ జీన్ కింగ్ కప్‌లో ఆడిన అయిదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచింది. వీళ్ల ఫొటోలు ఒక్కరోజు పేపర్లో వచ్చాయి, మర్నాటికి పోయాయి. అంతకు ముందు ఆ పిల్లలు ఆడిన వందల మ్యాచ్‌లకు ఒక్క వాక్యం కూడా లేదు.

సాకేత్‌కు 2017లో అర్జున అవార్డు వచ్చింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, ముప్పై ఆరేళ్లు నిండడానికి రెండు మూడు వారాల దూరంలో, రామ్‌కుమార్ రామనాథన్‌తో మళ్లీ రజతం తెచ్చాడు. ఇంకేం చెయ్యాలి మనం అతని పేరు తెలుసుకోడానికి?

ఊరేగింపులు వద్దు, ఫ్లెక్సీలు వద్దు. జిల్లా పేజీలో ఒక మూల, నాలుగు లైన్లలో, జూనియర్ టోర్నీ ఫలితాలు వేయండి. ఓడినవాళ్ల పేర్లు కూడా వేయండి. టోర్నీకి వెళ్లొచ్చిన పిల్లకు హాజరు తగ్గిందని బడిలో నిలబెట్టకండి మాస్టారూ, తప్పిన పాఠం సాయంత్రం చెప్పండి. విశాఖ వెళ్లినప్పుడు, బీచ్‌కు వెళ్లేముందు, ఏదైనా టెన్నిస్ కోర్టు దగ్గర ఓ అరగంట కూర్చోండి. మొదటి రౌండ్లో ఓడి, తల వంచుకుని బ్యాగు సర్దుకుంటున్న పిల్ల కనిపిస్తే దగ్గరకెళ్లి అడగండి: "నీ పేరేటమ్మా? ఏ ఊరు?"