కళాకారుడు – కనిపించని యజమాని



జీతభత్యములు, బదిలీలు, ఖాళీల భర్తీ, పెన్షను – ఇవి ఈ పుటలలో మనము నిత్యము చర్చించుకొను విషయములు. ఈ మారు కళాకారుని గూర్చియు, సెల్‌ఫోను తెరపై వెలసిన సామాజిక మాధ్యమములను గూర్చియు వ్రాయుట చూచి, ఇది మన సంఘమునకు సంబంధించిన విషయమేనా అని కొందరు సందేహింపవచ్చును. టాటానగర్‌లో మాకు ఎదురైన ఒక చిన్న సంఘటన మా సందేహమును తీర్చినది. దానిని మీ ముందుంచుచున్నాము.

జంషెడ్‌పూర్‌లో తెలుగువారు తరతరములుగా ఉన్నారు. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడి, 1919లో సాక్చి గ్రామమునకు జంషెడ్‌పూర్ అను పేరు వచ్చి, కాలిమాటి స్టేషను టాటానగర్‌గా మారిన ఆ చరిత్ర వెంటనే, ఉత్తరాంధ్ర పల్లెల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కుటుంబముల చరిత్రయు నడచినది. కొలిమి వద్దకు కొందరు, రైలు పట్టాల వద్దకు కొందరు పోయిరి. వారితోపాటు హార్మోనియము, పద్యనాటకము కూడ ఇచటికి వచ్చినవి.

అట్టి కుటుంబమునకు చెందిన పెద్దాయన ఒకరు పార్సిలు ఆఫీసులో పనిచేసి రిటైరైనారు. డ్యూటీ దిగి ముఖమునకు రంగు పూసికొని తెల్లవార్లు హరిశ్చంద్ర వేషము కట్టిన మనిషి. మొన్న ఉగాది సభలో బలిజేపల్లి లక్ష్మీకాంతము గారి ‘సత్యహరిశ్చంద్రీయము’లోని పద్యములు ఆయన పాడగా మనుమడు ఫోనులో పట్టి ఒక ఆన్‌లైను వేదికపై పెట్టినాడు. ఊరూరి నుండి మెప్పులు వచ్చినవి. రెండు వారములు గడచునప్పటికి ఒక సందేశము వచ్చినది: ఆ పాటపై హక్కు ఒక కంపెనీదట, దానిపై ప్రకటనల సొమ్మేదైన వచ్చినచో అది ఆ కంపెనీకే చెందునట!

పద్యము వ్రాసిన బలిజేపల్లి వారు 1953లో కీర్తిశేషులైనారు. రచయిత మరణానంతరము 60 సంవత్సరములు సాగు హక్కు 2013తో ముగిసినది. గొంతు పెద్దాయనది. హార్మోనియము ఆయన తమ్మునిది. మరి కంపెనీ సొత్తు ఏది? ఎవరో ఎప్పుడో ముద్రించిన రికార్డుతో ఈ రాగము పోలినదని యంత్రము తీర్పు చెప్పినది, అంతియే. పెద్దాయన మా ఆఫీసుకు వచ్చి అన్న మాట ఇది: “బాబూ, ముప్పయ్యయిదేళ్ల సర్వీసులో నాకు ఒక్కసారి మెమో వచ్చింది. దానికైనా పది రోజుల గడువిచ్చి జవాబు రాసుకోమన్నారు. వీళ్లు శిక్ష వేసేసిన తర్వాత కబురంపారు.”

మేము ఆయనతో కూర్చుండి అభ్యంతరము వ్రాయించి పంపితిమి. కొన్ని వారములకు ఆ దావా తొలగినది. తొలగించినవారెవరో, ఏ కారణమున తొలగించిరో నేటికిని తెలియదు. న్యాయము జరిగినను దానికి సంతకము లేదు.

పెద్దాయన మాటలో ఈ సమస్య సారమంతయు ఉన్నదని మా అభిప్రాయము. రైల్వే ఉద్యోగికి 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమములున్నవి. తపాలా శాఖలో 1965 నాటి నియమములున్నవి. అవి మనకు పూర్తిగా తృప్తికరములని ఏనాడును చెప్పలేదు. అయినను ఎంత చిన్న శిక్ష వేయవలెనన్నను ఆరోపణ ఏదో కాగితముపై పెట్టవలెను, జవాబు వినవలెను, అప్పీలుకు దారి చూపవలెను. ఆ కాగితము వెనుక మన పూర్వుల దశాబ్దముల పోరాటము కలదు. కళాకారునికి నేడు పని ఇచ్చుచున్న వేదికకు మాత్రము తాను యజమానినను ఒప్పుకోలు కూడ లేదు.

మన కౌంటర్ల సంగతియే చూడుడు. పోస్టాఫీసులో త్రాసు అందరి కన్నులయెదుట ఉండును. బరువెంతో, వెల యెంతో పంపువానికి తెలియును. లోపలి కబురు రుచింపలేదని సార్టరు ఉత్తరమును సంచి అడుగున దాచడు. గూడ్సు షెడ్డులో రేటు పట్టిక ప్రకటితమై ఉండును. ఈ వేదికలపై ఎవరి పాట ఎవరి కంట పడవలెనో యంత్రము నిర్ణయించును. నిన్న వేయిమందికి చేరిన గాయకుని నేడు పదిమందికి కూడ చూపకపోవచ్చును. కారణమడుగుటకు కౌంటరు లేదు.

ఇక ప్రతిఫలము. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయమున వాటా పొందవలెనన్న 2018 నుండి కనీసము 1000 మంది చందాదారులు, 12 నెలలలో 4000 గంటల వీక్షణ ఉండవలెనని నిబంధన. చిన్న వీడియోల ద్వారా అర్హత పొందుటకు తరువాత వేరొక కొలత పెట్టిరి. అర్హత వచ్చిన పిమ్మట పెద్ద వీడియోలపై 55 శాతము, చిన్న వీడియోలపై 45 శాతము కళాకారునికి వచ్చును. శాతము తెలియును గాని, ప్రకటనదారు ఎంత చెల్లించునో, వచ్చే నెల రేటు ఏమగునో తెలియదు. స్పాటిఫైలో 2024 నుండి 12 నెలలలో 1000 సార్లు వినబడని పాటకు ఆ రికార్డింగుపై పైసా రాదు. పీసు రేటుపై పనిచేయు కార్మికునితో “మొదటి 999 పీసులు ఉచితముగా చేయుము” అని ఏ మేస్త్రీ అయినను అన్నచో మనము ఊరకుందుమా?

అట్లని ఈ మాధ్యమములు చెరుపే చేసినవనుట సత్యము కాదు. జంషెడ్‌పూర్ తెలుగు కుటుంబమున జన్మించిన గాయని శిల్పా రావు గారినే తీసికొనుడు. ‘దేవర’ చిత్రమునకు ఆమె పాడిన ‘చుట్టమల్లే’ పాట 2024లో సినిమా కంటె ముందే ఫోన్ల ద్వారా ఇంటింటికి చేరినది. 2023 నాటి ‘జవాన్’ చిత్రములోని పాటకు ఆమెకు ఉత్తమ గాయనిగా జాతీయ పురస్కారము 2025 ఆగస్టులో ప్రకటింపబడినది. ఈ ఊరి బిడ్డకు వచ్చిన కీర్తి మనకందరకు గర్వకారణము. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో పొలము పనులు చేసికొను గంగవ్వ గారు ‘మై విలేజ్ షో’ ద్వారా తెలుగువారందరికి ఇంటి మనిషియైనది కూడ ఈ మాధ్యమము వలననే. వెనుకటి రోజులలో అట్టి స్త్రీకి సినిమా కంపెనీ గుమ్మము తెరచెడివారెవరు?

కాని మాధ్యమము ఇచ్చునది పేరు. పేరు వేరు, జీతము వేరు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగిలయ్య గారి పాట 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రము ద్వారా కోట్ల ఫోన్లలో మ్రోగినది. 2022లో పద్మశ్రీ ప్రకటింపబడినది. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు సమీపమున ఒక కట్టడము వద్ద కూలిపని చేయుచున్న దృశ్యము అవే ఫోన్లలో తిరిగినది. పాటను చూచినవారే కూలిని కూడ చూచిరి. రెండు పర్యాయములును వేదికకు వీక్షణలు దక్కినవి. కళాకారునికి చెమట దక్కినది.

పేరు కొరకు పరుగిడుచు కళ తన రూపమునే మార్చుకొనుట మరియొక నష్టము. టాటానగర్ నుండి ఖరగ్‌పూర్ పోవు దారిలో ధాల్‌భూమ్‌గఢ్ స్టేషను కలదు. దాని చేరువ ఆమాడుబి గ్రామమున పైట్‌కర్ చిత్రకారుల కుటుంబములున్నవి. వారిది చుట్టగా చుట్టిన పటము. దానిని కొద్దికొద్దిగా విప్పుచు, అందలి కథను పాడి వినిపించుట వారి సంప్రదాయము. పటము కంటికి, పాట చెవికి. రెండును కలిసినప్పుడే అది పూర్తి కళ. ఫోనులో ఒక ఫోటోగా మారినప్పుడు పాట పోవును. ముప్పది సెకండ్లకు కుదించినప్పుడు కథ పోవును. అమ్మకము కొంత పెరుగవచ్చును, మేము కాదనము. చిత్రకారుని తండ్రి పాడిన పాట మనుమనికి రాకుండ పోయినచో ఆ నష్టమును ఏ వీక్షణల లెక్కలో వ్రాయుదుము?

వేదిక శాశ్వతము కాదనునది కూడ మరువరాదు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వము టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినది. ఆ నిర్ణయపు మంచిచెడ్డలు ఇచట మా విషయము కాదు. ఆనాటివరకు దానినే నమ్ముకొని పల్లెలలో ఆడి పాడిన వేలమందికి రాత్రికి రాత్రి రంగస్థలము, ప్రేక్షకులు, పాత వీడియోలు అన్నియు ఒక్కమారు పోయినవి. మూతపడిన ఫ్యాక్టరీ గేటు వద్ద కార్మికులు కనీసము గుమిగూడగలరు. మూతపడిన యాప్‌నకు గేటు లేదు.

ఇదంతయు కళాకారుని స్వంత వ్యవహారము, అతడు కార్మికుడెట్లగును అని కొందరు మిత్రులు మమ్ము ప్రశ్నించిరి. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఈ టాటానగర్ ఒకనాటి బెంగాల్ నాగపూర్ రైల్వేలోనిది. ఆ రైల్వే కార్మికులను కూడగట్టి, 1920ల చివర సమ్మె నడిపిన వి.వి.గిరి గారి కాలమున, రైలు కూలీకి హక్కులేమిటని నవ్వినవారుండిరి. పని చేయించుకొని లాభము తీయువాడు ఒకడుండి, ఆ పని షరతులన్నియు వాడే నిర్ణయించునప్పుడు, పని చేయువాడు కార్మికుడే. వాని చేతిలో సుత్తి ఉన్నను, కిన్నెర ఉన్నను భేదము లేదు.

చట్టము కూడ ఈ దారిలో ఒక అడుగు వేసియున్నది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి తేబడినది. నాలుగు కార్మిక స్మృతులపై కేంద్ర కార్మిక సంఘములు అనేకము తెలిపిన వ్యతిరేకత మీకు తెలిసినదే. అయినను అందలి ఏడవ షెడ్యూలు గమనింపదగినది. నిధికి చందా కట్టవలసిన సంస్థల జాబితాలో టాక్సీ, ఆహార సరఫరా వంటి వానితోపాటు కంటెంటు, మీడియా సేవలు కూడ పేర్కొనబడినవి. వార్షిక టర్నోవరులో 1 నుండి 2 శాతము వరకు, కార్మికులకు చెల్లించు మొత్తములో 5 శాతమునకు మించకుండ, ఆ చందా ఉండవలెను. తలుపు కొంత తెరచియున్నది. పాడువాడు, ఆడువాడు, బొమ్మ గీయువాడు ఆ తలుపున ప్రవేశింపవచ్చునని స్పష్టముగా వ్రాయించుట మన పని.

మనలోనే ఉన్న కళాకారులకు ఒక హెచ్చరిక కూడ అవసరము. రైల్వే ప్రవర్తనా నియమములు (1966), తపాలా ఉద్యోగులకు వర్తించు కేంద్ర ప్రవర్తనా నియమములు (1964) – రెండింటను 15వ నియమము ప్రకారము, విధులకు భంగము కలుగనంతవరకు, సాహిత్య, కళా సంబంధమైన పని అప్పుడప్పుడు చేయుటకు ముందస్తు అనుమతి అక్కరలేదు. కాని చానల్ నుండి నెలనెలా సొమ్ము వచ్చునప్పుడు అది ‘అప్పుడప్పుడు’ అగునా? ఒక అధికారి అగుననును, మరియొకడు కాదనును. నడుమ నలుగువాడు ఉద్యోగి. స్పష్టత వచ్చువరకు అట్టివారు వ్రాతమూలకముగా అనుమతి కోరి, ఆ కాగితము నకలు దాచుకొనుట క్షేమము.

కావున మా సూచనలు నాలుగు. మొదటిది: కళాకారుడు తన అసలు రికార్డింగును తన వద్ద, మరియొక ప్రతిని సంఘము వద్ద ఉంచవలెను, వేదికపై ఉన్నది నకలు మాత్రమే కావలెను. రెండవది: అన్యాయముగా తొలగింపు జరిగినచో మౌనముగా ఉండరాదు. 2021 నాటి ఐటీ నియమముల ప్రకారము వేదికలకు ఫిర్యాదుల అధికారి ఉండవలెను. ఆ నిర్ణయముపై అప్పీలుకు 2023లో కమిటీలు ఏర్పడినవి. ఫిర్యాదు వ్రాయుటకు మన బ్రాంచి కార్యదర్శులు తోడ్పడవలెను. మెమోలకు జవాబులు వ్రాసిన చేతులకు ఇది కష్టము కాదు. మూడవది: 15వ నియమముపై స్పష్టమైన ఉత్తర్వును, కళాకారులకు సామాజిక భద్రతా నిధిలో చోటును ఫెడరేషను తన కోర్కెల పత్రములో చేర్చవలెను. నాలుగవది అన్నింటికంటె సులభము, అన్నింటికంటె మరచినది: రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో, రిక్రియేషను క్లబ్బులలో దుమ్ము పట్టిన స్టేజీలను తుడిచి, కళాకారుని పిలిచి, ప్రయాణ ఖర్చును, గౌరవమైన పారితోషికమును ఇచ్చి పాడింపవలెను.

కళాకారుడు ఈ మాధ్యమములను విడువలేడు. విడువుమని చెప్పు హక్కు మనకు లేదు. పూర్తిగా నమ్మనును లేడు. ఆ అపనమ్మకము అతని లోపము కాదు, అనుభవము. యజమానిని విడువలేక, నమ్మలేక నిలుచున్న మనిషికి తోడు ఎవరో మన పూర్వులు ఎరుగుదురు. ఆ తోడు పేరు సంఘము.

వచ్చే ఉగాదికి పెద్దాయన మన హాలులో హరిశ్చంద్ర వేషము కట్టుటకు ఒప్పుకొన్నారు. మనుమడు మరల ఫోనుతో వచ్చును, రానిండు. ముందు వరుస కుర్చీలలో మాత్రము మనముండవలెను.