ఒక బొమ్మ, మూడు ఊళ్లు

2016లో పాత వరంగల్లు జిల్లాను విడదీసేసరికి, ఇల్లు కదలకుండానే మా కుటుంబం మూడు జిల్లాల పాలయింది. నేను జనగామలో కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పుకుంటున్నాను. తమ్ముడికి భూపాలపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం. మహబూబాబాదులో – అమ్మ మాటల్లో మానుకోటలో – నాన్న కట్టిన ఇల్లు విడిచి అమ్మ రానంటుంది.

నాన్న పోయాక అమ్మ సినిమాలు మానేసింది. "ఒక్కదాన్నే కూసోని నవ్వుకుంట ఉంటె పిచ్చిదనుకుంటరు" అంటుంది.

ఇంజనీరింగు చదివే మా మేనల్లుడి చెవిని ఈ మాట పడింది. మూడు ఊళ్లవాళ్లమూ ఫోనుల్లో ఒకే సినిమా ఒకేసారి చూసే ఏర్పాటు చేస్తానన్నాడు. 2020 లాక్‌డౌన్‌లో ఇటువంటివి చాలా వాడుకలోకి వచ్చాయి గాని, వీడిది సొంత వంటకం. కిటుకు చిన్నదే. బొమ్మ ఒక ఇంటినుంచి మరో ఇంటికి పోదు. ఎవరి ఫోను దాన్ని విడిగా తెచ్చుకుంటుంది. ఇళ్లమధ్య నడిచేది 'మొదలుపెట్టు', 'ఆపు', 'ఫలానా నిమిషం' అనే కబురూ, మా మాటలూ మాత్రమే. మూడు గోడ గడియారాలను ఒకే వేళకు సరిదిద్దడం వంటిదన్నమాట.

పరీక్షకు 1957 నాటి 'మాయాబజార్' పెట్టాం. శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచి, దూరాన ఉన్న అభిమన్యుణ్ణి చూస్తోంది. "మన ఫోను అప్పుడే ఉందండీ!" అంది మా ఆవిడ. అందరం నవ్వాం, అమ్మ తప్ప. మానుకోటలో సిగ్నలు తగ్గి బొమ్మ నిలిచిపోయింది. వెనకబడినవాళ్లను ముందుకు గెంటి మిగతావాళ్లతో కలపాలని మావాడు పెట్టిన నియమం. ఆ గెంతులో పెట్టె ఘట్టం అమ్మకు దక్కలేదు.

"పెట్టె తెరిచిందా?" అని అడిగింది.

"ఎప్పుడో అయిపోయిందమ్మా" అని నాలుక కరుచుకున్నాను.

మరుసటి ఆదివారానికి మేనల్లుడు నియమం మార్చాడు: ఒకరి బొమ్మ ఆగితే అందరిదీ ఆగాలి. సినిమా ఏడుసార్లు ఆగింది. రాత్రి షిఫ్టుకు పోవలసిన తమ్ముడు విసుక్కున్నాడు.

"నా కోసం ఆగకుండ్రి బిడ్డా, మీరు చూడుండ్రి" అంది అమ్మ. చిన్నప్పుడు మేము ఇల్లు చేరేదాకా అన్నం ముట్టని మనిషి ఆమె!

ఆగినప్పుడల్లా ఏవో కబుర్లు. నెలరోజులుగా మోకాలు వాచి, అమ్మ గోడ పట్టుకుని నడుస్తోందన్న సంగతి అయిదోసారి ఆగినప్పుడు బయటపడింది. రోజూ ఫోను చేస్తూనే ఉన్నాను; "బాగున్న" అన్న జవాబే వింటున్నాను. మర్నాడే పోయి డాక్టరుకు చూపించాను.

"సినిమాను ముందే ఫోనులోకి దింపుకుంటే ఇక ఆగదు మామయ్యా" అన్నాడు మేనల్లుడు ఉత్సాహంగా.

"మంచిదేరా. కాని రెండుమూడు చోట్ల ఆగేటట్టు మాత్రం ఉంచు" అన్నాను.