మాన్పించింది నేనే

2023 జూలైలో బంగ్లాదేశ్‌తో టీ20 ఆడి మన బారెడ్డి అనూష ఇండియా జట్టులో అడుగుపెట్టింది. నార్పల మండలం బండ్లపల్లి పిల్ల. 2006లో ఉపాధి హామీ మొదలైన ఊరే అది, వానను నమ్ముకున్న వేరుశనగ నేల. అక్కడి నుంచి ఎడమచేతి స్పిన్నర్ వచ్చిందంటే అనంతపురంలో ఆర్డీటీ వాళ్ల మైదానం ఆసరా చాలానే ఉంది.

మైదానం ఉన్నా, సాయంత్రం గడప దాటనివ్వాల్సింది మనమే కదా! మా అమ్మాయి తొమ్మిదిలో బాగా ఆడేది. "పదో తరగతి వస్తోంది, ఎండకు నల్లబడతావ్" అని మాన్పించింది వాళ్ల నాన్న కాదు, నేనే. మావాడు పదిలో ఉన్నప్పుడు రోజూ ఆడాడు, ఒక్కమాట అనలేదు. చదువు కోసమే అయితే ఇద్దరికీ ఒకటే రూలు ఉండాలిగా?

మొన్న అటక దులుపుతుంటే దాని బూట్లు దొరికాయి. చూసి, "ఇప్పుడు పట్టవులేమ్మా" అంది.