మంచినూనె – మేధస్సు

మన సంచికలో రెండు భాషలు ప్రక్కప్రక్కన నడుస్తున్నవి. నూనె విషయంలో ఆ రెండింటికీ పుట్టిల్లు ఒకటే. తెలుగులోని 'నూనె' నువ్వు, నెయ్యి కలిసి ఏర్పడిన మాట. ఉర్దూలోని 'తేల్' సంస్కృత 'తైల' శబ్దానికి వారసురాలు. దానికి మూలం తిలలు, అనగా నువ్వులే. ఏ గింజను పిండితే ఈ చమురు వచ్చినదో తెలిసి తిన్న కాలపు మాటలివి. గాండ్లవారి గానుగ ఊరి నడుమ తిరిగిన రోజులలో ఆ ప్రశ్నే పుట్టేది కాదు. నేడు పొట్లం మీది బొమ్మయే మనకు తెలిసిన గింజ.

ఈ అజ్ఞానాన్ని ఆశ్రయించి రెండు ప్రచారాలు సాగుతున్నవి. గింజల నూనెలన్నీ మెదడులో మంట రేపే విషాలని ఒక వర్గం వాదిస్తుంది. ఫలానా నూనె జ్ఞాపకశక్తిని కాపాడే అమృతమని ప్రకటనకర్తలు అంటారు. రెండూ అర్ధసత్యాలే. మన మూడు జిల్లాలు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, వేరుశనగకు పేరుపొందినవి గనుక ఈ విషయం తేల్చుకొనవలసిన అగత్యం అందరికంటె మనకే ఎక్కువ.

నీటిని మినహాయిస్తే మెదడు బరువులో సగానికి పైగా కొవ్వు పదార్థమే. అందులో మైక్రోగ్లియా అనే కావలి కణాలు ఉన్నవి. దెబ్బ తగిలినా, క్రిమి చొరబడినా అవి లేచి పోరాడి, చెత్తను ఊడ్చి, తిరిగి శాంతిస్తాయి. ఈ పోరాటమే శోథ, వాడుకలో వాపు. అది అవసరమైనదే. కాని కావలివాడు పగలూ రాత్రీ కర్ర తిప్పుతూనే ఉంటే ఇంటివారికే దెబ్బలు తగులుతాయి. సంవత్సరాల తరబడి చల్లారని శోథకు అల్జీమర్స్ వంటి మతిమరపు వ్యాధులతో సంబంధమున్నదని పరిశోధకులు భావిస్తున్నారు. శోథను రేపే సంకేతాలకూ, చల్లార్చే సంకేతాలకూ కొంత ముడిసరుకు ఆహారపు కొవ్వులనుంచే అందుతుంది. ఒమేగా-6 జాతి ఆమ్లాలలో కొన్ని మొదటి పనికి, ఒమేగా-3 జాతివి ముఖ్యంగా రెండవ పనికి తోడ్పడతాయి.

ఇంతవరకు విని కొందరు తొందరపడుతున్నారు. పొద్దుతిరుగుడు, కుసుమ నూనెలలో ఒమేగా-6కు చెందిన లినోలెయిక్ ఆమ్లం మెండు. కావున అవి శోథకారకాలని వారి తీర్పు. శరీరం అంత సరళమైన లెక్క కాదు. లినోలెయిక్ ఆమ్లాన్ని మనుషులకు ఎక్కువగా ఇచ్చి చూచిన 15 ప్రయోగాలను 2012లో సమీక్షించినవారికి రక్తంలో శోథ సూచికలు పెరిగిన ఆధారం దొరకలేదు.

ఇక ఆలివ్ నూనె సంగతి. అమెరికాలో 92,383 మందిని దీర్ఘకాలం పరిశీలించిన అధ్యయనం 2024లో వెలువడింది. రోజుకు 7 గ్రాములకు మించి ఆలివ్ నూనె తిన్నవారిలో మతిమరపు వ్యాధి మరణాల ముప్పు 28 శాతం తక్కువగా కానవచ్చింది. అది పరిశీలన మాత్రమే. ఆ నూనె కొనగలిగిన వారి జీవనంలో ఇతర సౌఖ్యాలు కూడ ఉండవచ్చును. అయినను ఆలివ్‌లోని ప్రధాన ద్రవ్యం ఒలెయిక్ ఆమ్లమే, మన పల్లి నూనెలో దాదాపు సగభాగం అదే! పైగా పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సహకారంతో రూపొంది 2020లో విడుదలైన గిర్నార్-4, గిర్నార్-5 వేరుశనగ రకాలలో అది 80 శాతం వరకు ఉంటుంది. ఆ విత్తనం మన యాసంగి చేలకు విరివిగా అందాలని కోరడం అత్యాశ కాదు.

పల్లి నూనెకు లోటు లేదని కాదు. అందులో ఒమేగా-3 లేనట్లే. ఆ లోటును తీర్చేవి మనకు ఎరుగనివి కావు. ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడిలో సుమారు ఒకటిన్నర గ్రాముల ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది. (అవిసె చెట్టు ఆకుతో దీనికి సంబంధం లేదు, పేరు ఒకటే.) పప్పులో వేసుకొనే గంగవాయిలి కూర ఆకుకూరలలో ఈ ఆమ్లానికి ప్రసిద్ధి. ఐతే మెదడు కోరే డి.హెచ్.ఏ.గా ఇది మారేది స్వల్పమే. అది నేరుగా లభించేది చేపలలో. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డవారికి చేప కొత్త కాదు. గుళికలు కొనే పని లేదు. ఒమేగా-3 గుళికలతో జరిపిన పెద్ద ప్రయోగాలలో జ్ఞాపకశక్తికి స్పష్టమైన మేలు కనబడలేదు.

నా దృష్టిలో అసలు దోషి గింజ కాదు, మూకుడు. ఉదయం మిర్చిబజ్జీలు వేగిన నూనెలోనే సాయంత్రం సమోసాలు, మరునాడు పూరీలు! రంజాన్ మాసపు ఇఫ్తార్ పకోడీలైనా, సంక్రాంతి సకినాలైనా ఇదే తంతు. పదే పదే కాగిన నూనెలో పుట్టే ఆల్డిహైడ్లు కణాలను గాయపరచేవి. అందుకే వంటనూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించితే పారబోయాలని 2018 జూలై నుంచి మన దేశంలో నిబంధన అమలులోకి వచ్చింది. ఆ నిబంధన బజ్జీల బండి వరకు నడిచి వచ్చినదా? వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వుల కథ మరింత గట్టిది. జపానులోని హిసయామా పట్టణంలో 1,628 మంది వృద్ధులను సుమారు పదేండ్లు పరిశీలించగా, రక్తంలో ఆ కొవ్వు గుర్తులు ఎక్కువగా ఉన్నవారిలో మతిమరపు వ్యాధి అధికమని 2019లో తేలింది. మన దేశంలో నూనెలు, కొవ్వులలో వాటికి 2 శాతం పరిమితి 2022 జనవరి నుంచి అమలైంది.

పంటకు, పళ్ళేనికి మధ్య దూరం నన్ను కలవరపెట్టే విషయం. బీచుపల్లి వద్ద ఆయిల్‌ఫెడ్ వారు నడిపిన వేరుశనగ నూనె కర్మాగారం ఏనాడో మూతబడింది. మన పల్లీలు సంచులకెక్కి ఇతర ప్రాంతాలకు తరలిపోగా, విదేశాలనుంచి వచ్చిన పామాయిల్ మన బండ్ల మూకుళ్ళలో కాగుతున్నది. దానిలో దాదాపు సగం సంతృప్త కొవ్వు. ఇప్పుడు మన జిల్లాలలోనే ఆయిల్ పామ్ సాగును ప్రోత్సహిస్తున్నారు. రైతుకు ఆదాయం వస్తే ఆనందమే, కాని నీటిని మెండుగా కోరే ఆ తోటకు చూపిన శ్రద్ధలో కొంతైనా పల్లికి, కుసుమకు, అవిసెకు చూపవద్దా?

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన నమూనా పళ్ళెంలో 2000 కేలరీల భోజనానికి నూనె 27 గ్రాములే. గింజలు, పప్పులవంటి నూనెగింజలు 35 గ్రాములు. పిండిన నూనెకంటె పిండని గింజకే పెద్దపీట వేశారన్నమాట. విద్యార్థి వసతి గృహాల భోజన సంఘాలు ఈ లెక్కను గోడకు అంటించి, వారానికి మూడు రోజులు వేయించిన వంటకాలకు బదులు ఉడికించిన పల్లీలు, అవిసె కారంపొడి పెట్టించవచ్చును. వాడిన నూనెను మరునాటికి దాచరాదని వంటవారికి చెప్పే బాధ్యత కూడ ఆ సంఘాలదే.