పాయింట్లు కొంత, పైకం కొంత

మొన్న జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుంటే మా పాత విద్యార్థి ఒకడు ఎదురొచ్చి సలాం చేశాడు. పదేళ్ళుగా దుబాయిలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. సెలవు మీద ఇంటికి వచ్చాడు. "ఉస్తాద్, అమ్మీని ఉమ్రాకు తీసుకెళ్ళాలని ఉంది. ఒక హోటలు కంపెనీలో నా పేర నలభై వేల పాయింట్లు ఉన్నాయి. కొన్ని పాయింట్లు, కొంత డబ్బు కలిపి కడితే హరమ్ దగ్గరే గది ఇస్తారట. ఇందులో లాభం ఉందా? అసలు ఇది జాయిజేనా?" అని అడిగాడు.

రెండూ అడగవలసిన ప్రశ్నలే. కానీ మెట్ల మీద నిలబడి చెప్పే జవాబులు కావు. గల్ఫులోనో, అమెరికాలోనో కొడుకో అల్లుడో ఉన్న ఇళ్ళు మన మొహల్లాల్లో తక్కువేమీ లేవు. అందుకే ఆ జవాబు ఈ వారం అందరికీ కలిపి రాస్తున్నాం.

ముందుగా ఈ పాయింట్లు అంటే ఏమిటో చూద్దాం. పదిసార్లు టీ తాగితే పదకొండోది ఉచితం అనే కొట్టువాడి లెక్కే ఇది, కాకపోతే కొట్టు పెద్దది. అమెరికాలో 1981లో ఒక విమాన సంస్థ ఎక్కువ ప్రయాణించే వారికి మైళ్ళ లెక్కన బహుమతి ఇవ్వడం మొదలుపెట్టింది. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళు అదే బాట పట్టాయి. ఈనాడు పెద్ద హోటలు సంస్థలన్నిటికీ ఇలాంటి పథకాలున్నాయి. మక్కాలో హరమ్ షరీఫ్ చుట్టూ కనిపించే ఎత్తయిన హోటళ్ళలో హిల్టన్, మారియట్, అకార్ సంస్థల పేర్లు మోసేవి చాలానే ఉన్నాయి. ఎక్కడెక్కడో బస చేసి కూడబెట్టిన పాయింట్లు అక్కడ పనికి రావడం అందువల్లనే.

గదికి సరిపడా పాయింట్లు లేనివారికి సగంలో చేయి అందించే ఏర్పాటే ఈ 'పాయింట్లు, పైకం' పద్ధతి. ఇది అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. అకార్ పద్ధతి తేలిక. రెండు వేల పాయింట్లకు నలభై యూరోలు బిల్లులో తగ్గుతాయి, మిగిలింది మనం కట్టాలి. హయత్ పద్ధతి సగం సగం. గదికి కావలసిన పాయింట్లలో సగం, మామూలు ధరలో సగం. హిల్టన్ వారు ఎన్ని పాయింట్లు వేస్తారో మననే ఎంచుకోమంటారు, దాన్నిబట్టి నగదు ఎంతో వాళ్ళు చెబుతారు. మెలిక ఉన్నది ఈ మూడో రకంలోనే. అక్కడ ఒక్కో పాయింటుకు ఎంత విలువ కడుతున్నారో పైకి కనిపించదు. మనమే లెక్క వేసుకోవాలి.

ఒక ఉదాహరణ చూడండి. అంకెలు వివరణ కోసం మేము వేసుకున్నవే. ఒక గది రాత్రికి పన్నులతో కలిపి 800 రియాళ్ళు అనుకుందాం. పూర్తిగా పాయింట్లతో అయితే 40,000. కలిపి కడితే 20,000 పాయింట్లు, 480 రియాళ్ళు. సగం పాయింట్లు ఇచ్చాం కనుక సగం డబ్బు తగ్గిందనే అనిపిస్తుంది. తగ్గింది 320 రియాళ్ళే, 400 కాదు. ఇప్పుడు మా విద్యార్థి రెండు రాత్రులు ఉంటాడనుకోండి. రెండు రాత్రులూ కలిపి కట్టే పద్ధతిలో తీసుకుంటే నలభై వేల పాయింట్లూ అయిపోతాయి, జేబులోంచి 960 రియాళ్ళు పోతాయి. అలా కాక ఒక రాత్రి పూర్తిగా పాయింట్లతో, రెండో రాత్రి పూర్తిగా డబ్బుతో తీసుకుంటే అవే పాయింట్లకు 800 రియాళ్ళతో పని తీరుతుంది. తేడా 160 రియాళ్ళు, మన రూపాయల్లో మూడు వేల పైమాటే. కాకపోతే రెండు బుకింగులు అవుతాయి కాబట్టి, గది మార్చకుండా రెంటినీ జతచేయమని హోటలు వారికి ముందే చెప్పుకోవాలి.

మా బడిలో ఆరో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. గది అసలు ధరలోంచి మనం కట్టే నగదు తీసేయండి. మిగిలినదాన్ని ఇచ్చే పాయింట్లతో భాగించండి. పాయింటుకు ఎంత పలుకుతుందో తేలిపోతుంది. అసలు ధర అంటే మనం నిజంగా కట్టబోయే ధర అని గుర్తుంచుకోవాలి. పాయింట్లే లేకపోతే మనం ఎన్నడూ తొక్కని హోటలు ధరతో పోల్చుకుని ఎంతో మిగిలిందని మురిసిపోవడం మనల్ని మనమే మోసగించుకోవడం. సౌదీలో 2020 జూలై నుంచి విలువ ఆధారిత పన్ను 15 శాతం అయింది. కనుక పన్ను వేయని ధరను, పన్ను వేసిన ధరను పక్కపక్కన పెట్టి చూడకూడదు.

మరి కలిపి కట్టడం ఎప్పుడూ నష్టమేనా? కాదు. ఉన్న పాయింట్లు ఒక రాత్రికి కూడా చాలనప్పుడు, అవి గడువు తీరి పోయేలా ఉన్నప్పుడు, సగం సగం పద్ధతిలో విలువ తగ్గనప్పుడు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. ఒకటే షరతు. బుకింగు రద్దు చేసుకుంటే నగదు నగదుగానే తిరిగి వస్తుందా, పాయింట్ల రూపంలో ఇస్తారా అన్నది ముందే చదువుకోవాలి. డబ్బు ఇచ్చి పాయింట్లు తెచ్చుకునే అవస్థ పడకూడదు.

ఇక జాయిజా కాదా అన్న మాట. ఫత్వా ఇవ్వడం ముఫ్తీల పని. పాఠాలు చెప్పుకునే మేము మాకు తెలిసినంతే చెబుతున్నాం. అమ్మేవాడు తన ఇష్టంతో కొనేవాడికి ఇచ్చే తగ్గింపులో, కానుకలో దోషం లేదనే చాలామంది ఉలమా అంటారు. చిక్కు పాయింట్లలో లేదు, అవి వచ్చే దారిలో ఉంది.

మొదటిది క్రెడిట్ కార్డు. పాయింట్ల కోసం కార్డు తీసుకుని, బిల్లు గడువులోగా కట్టలేక నెలకు మూడు శాతమో మూడున్నర శాతమో వడ్డీ కట్టేవారిని మేము ఎరుగుదుం. అంటే ఏడాదికి నలభై శాతం దరిదాపు. ఇంత వడ్డీ కట్టి సంపాదించిన 'ఉచిత' గదిలో దిగి, కిటికీలోంచి కాబాను చూస్తూ దుఆ చేయడం ఎంత వింత! వడ్డీ నిషిద్ధమన్న సంగతి అటుంచి, కూడికలు తీసివేతలు వచ్చినవాడెవడూ ఆ పని చేయడు.

రెండోది ఉద్యోగం. కంపెనీ డబ్బుతో, కంపెనీ పని మీద బస చేసినప్పుడు వచ్చిన పాయింట్లు ఎవరివి? జకాతు వసూలుకు వెళ్ళిన ఒక ఉద్యోగి తిరిగివచ్చి, ఇది మీది, ఇది నాకిచ్చిన కానుక అని వేరుచేసి చూపిస్తే, తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (సఅసం) నిలదీసిన సంఘటన బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. నేడు చాలా కంపెనీలు ఆ పాయింట్లను ఉద్యోగికే వదిలేస్తాయి. అలా వదిలేస్తే అవి అతనివే, సందేహం లేదు. కానీ వదిలేశాయని మనమే అనుకోవడం వేరు, అడిగి తెలుసుకోవడం వేరు. పాయింట్ల కోసమే చవక హోటలు వదిలి ఖరీదైన దాంట్లో దిగి బిల్లు కంపెనీ మీద వేయడం మాత్రం అమానత్‌లో ఖియానతే.

మరో సంగతి. మాకు తెలిసిన వృద్ధ దంపతులకు కొడుకు ఇలాగే పాయింట్లతో గది తీసి పంపాడు. అర్ధరాత్రి హోటలుకు చేరితే, అదనపు ఖర్చులకు పూచీగా కార్డు చూపమన్నారట. వారి దగ్గర కార్డు లేదు, కొడుకు ఫోను ఎత్తలేదు. ఫజర్ అజాన్ దాకా సామాన్ల మీద కూర్చున్నారు. కనుక తల్లిదండ్రులను పంపే పిల్లలు గదిని వారి పేరనే రాయించాలి, పూచీ సంగతి ముందే తేల్చుకోవాలి. మామూలు గది సాధారణంగా ఇద్దరికే అని కూడా గుర్తుంచుకోవాలి. అయిదుగురు కలిసి వెళ్ళే కుటుంబానికి ట్రావెల్స్ వాళ్ళిచ్చే నలుగురి గదే చవక కావచ్చు.

ఇదంతా మరునాడు ఇంటికి పిలిచి మా విద్యార్థికి చెప్పాం. చెప్పాక ఒక మాట అడిగాం. "బేటా, ఈ పాయింట్లు ఎన్నాళ్ళ నుంచి కూడబెడుతున్నావు?" తల దించుకుని, "రెండేళ్ళ కిందటే వెళ్దామనుకున్నాం ఉస్తాద్. ఇంకొన్ని పోగయితే మొత్తం ఉచితంగా అవుతుందని ఆగాను" అన్నాడు. రెండేళ్ళ కిందట వాళ్ళ అమ్మీ బజారుకు నడిచి వెళ్ళేవారు. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నారు. అప్పుడు తవాఫ్ సొంత కాళ్ళ మీద చేసేవారు, ఇప్పుడు చక్రాల కుర్చీ కావాలి. ఈ మధ్యలో అతని పాయింట్లు పెరిగాయి, గదికి అడిగే పాయింట్లూ పెరిగాయి. ఎన్ని అడగాలన్నది హోటలువాడి ఇష్టం. హిల్టన్ 2017లో, మారియట్ 2022లో స్థిరమైన పట్టికలు తీసేశాయి. రోజును బట్టి, గిరాకీని బట్టి లెక్క మారుతుంది.

ఉర్దూలో పెద్దలు 'నౌ నగద్, న తేరా ఉధార్' అంటారు. రావలసిన పదమూడు కంటే చేతిలో ఉన్న తొమ్మిది మేలని. పాయింటు అంటే హోటలువాడు మనకు ఉన్న అప్పు, అదీ ఎంత తీర్చాలో వాడే నిర్ణయించే అప్పు. దాన్ని దాచుకునే కొద్దీ కరుగుతుంది. అమ్మ మోకాళ్ళూ అంతే.

అందుకే సోదరులారా, పాయింట్లు ఉంటే లెక్క చూసి వాడుకోండి. చాలకపోతే పైకం కలపండి. అదీ చాలకపోతే హరమ్‌కు కాస్త దూరంగా, శక్తికి తగిన గది తీసుకోండి. కానీ పాయింట్లు పోగయ్యే దాకా అమ్మీ అబ్బాలను ఆపకండి. మా విద్యార్థి వచ్చే నెలకే టిక్కెట్లు తీశాడు. ఒక రాత్రి పాయింట్లతో, మిగిలిన రాత్రులు పైకంతో. వాళ్ళ అమ్మీ మాకు సలాం చెప్పి పంపారు, మా కోసం అక్కడ దుఆ చేస్తామన్నారు.