పై దారి, కింది మనుషులు

మాసబ్ ట్యాంక్‌లో బస్సు కోసం నిలబడితే ఎదుట కార్ల బారులే కనిపిస్తాయి. వాటిలో అనేకం మెహిదీపట్నం వద్ద పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి శంషాబాద్ విమానాశ్రయానికి సాగిపోతాయి. 2009లో ప్రారంభమైన ఆ 11.6 కిలోమీటర్ల వంతెనపైకి ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు ప్రవేశం లేదు.

భద్రతే కారణమంటారు, కాదనను. నిషేధం కులం పేరిట లేదన్నదీ నిజమే. కానీ కారు ఎవరిదో, కాలినడక ఎవరిదో తేల్చడంలో కులానికి పాత్ర లేదనగలమా?

గుడి చుట్టూ ఉన్న దారుల్లో అవర్ణులు నడిచే హక్కు కోసం 1924లో వైకోం సత్యాగ్రహం జరిగింది. బావులు, చెరువులతో పాటు రహదారుల వినియోగంలోనూ కులవివక్షను మన రాజ్యాంగపు 15(2) అధికరణం నిషేధించింది. అయితే హక్కు కాగితంపై ఉంటే చాలదు. పిల్లర్ నంబర్లే చిరునామాలైన అత్తాపూర్, ఉప్పర్‌పల్లిలో కాలిబాట, రోడ్డు దాటే చోటు, చాలినన్ని బస్సులు కావాలి. ప్రజాధనాన్ని పై దారికి వెచ్చించిన శ్రద్ధతోనే కింది దారికీ వెచ్చించాలి. సామాజిక న్యాయానికి అదీ ఒక కొలమానమే.